ఖాళీ చేసిన జాగ

సమ్మన్న కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. అవి ఇంకా అలవాటు కాలేదని చూడగానే తెలుస్తోంది. గడప దగ్గర ఆగి, నేల ఎంత కిందికి ఉందో తేల్చుకుని, కాలు మెల్లగా లోపల పెట్టాడు. మెడ చుట్టూ తడి తువ్వాలు, చేతిలో నీళ్ళ సీసా. మే నెల మిట్టమధ్యాహ్నం చంద్రపూర్‌లో కుక్కలు కూడా నీడ వదలవు. అలాంటిది ఆ మనిషి బస్సు దిగి ఇండస్ట్రియల్ ఏరియా చివరిదాకా నడిచి వచ్చాడు.

"గ్యాసు పెట్టె జేసిన మేడం మీరేనా?" అని అడిగాడు.

పుష్పలత కంప్యూటర్ ముందు నుంచి లేచింది. రెండు గదుల ఆ కంపెనీలో మేడం అనదగిన మనిషి ఆమె ఒక్కతే. గనులకు కొలతలు చూపించే పెట్టెలు తయారుచేస్తారు అక్కడ. విదేశీ కంపెనీల వాళ్ళకు దేశం తలుపులు బార్లా తెరిచాక, వాళ్ళ ధరలో సగానికి ఇస్తే తప్ప మనం బతకమని యజమాని అనంతరావు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి అంటుంటాడు. సోల్డరింగ్ చేసే ఇద్దరు మనుషులు పోను, ఆ సగం ధరలో ఇమిడే పని అంతా పుష్పలతా, ఆమెకంటే చిన్నవాడైన ఉదయ్‌కిరణూ చేస్తుంటారు.

"నేను సమ్మన్న. గని పైన కంట్రోల్ రూంల కూసుంట. మీ పెట్టె ముందటనే నా కుర్చీ."

కూలర్ ముందు కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని చెప్పాడు.

"పోయిన సోమవారం మేడం. టెస్టింగాయన లోపల అన్ని చోట్ల సెన్సర్లకు గ్యాసు పట్టి పరీక్ష చేసి, ఆఖరుకు ఏడో నంబర్ చూసి, అయిపోయింది, మామూలుగ నడుస్తుందని చెప్పిండు. నేను తెర మీద చూసిన. ఏడో నంబర్‌ల రెండు పర్సెంట్. ఒకటింబావు దాటితెనే మనుషులను పైకి దియ్యాలె. రెండున్నంక ఇంకేం ఆలోచిస్త? ఫోన్ జేసి అందరిని తీపిచ్చిన. ఆఫీసరొచ్చి చూసెవరకు పాయింట్ రెండున్నది."

"రికార్డులో?"

"రెండు లేనే లేదంటున్నరు. ఆ వారమే తాగే నీళ్ళ గురించి గొడవ అయితుండె. యూనియనోళ్ళు జెప్తె షిఫ్టు ఖరాబు జేసినవంటున్నరు. నాకు వాళ్ళతోని మాటనే లేదు."

శుక్రవారం విచారణ. తప్పు రుజువైతే కంట్రోల్ రూం నుంచి తీసేసి బొగ్గు నింపే బంకర్ దగ్గరికి పంపుతారు. లేదంటే కళ్ళు సరిగా కనబడక తప్పు చూశానని ఒక కాగితం మీద సంతకం పెడితే వార్నింగ్‌తో వదిలేస్తామన్నారట.

"అందరు గట్లనే అంటె నాకే అనుమానమొచ్చింది. డాక్టర్ దగ్గరికి పోయిన. దగ్గరి చూపు కొంచెం తగ్గిందన్నడు. ఇగ ఈ అద్దాలు తీసుకున్న." వాటిని ఒకసారి పైకి తోసుకున్నాడు. "మీరొక్క మాట చెప్పున్రి మేడం. మీ పెట్టె అట్ల చూపిచ్చుడు ఉంటదా, ఉండదా? ఉండదంటె నేను తప్పు చూసినట్టే. సంతకం పెట్టేస్త. నిద్రన్న పడ్తది."

ఉండదు అనే మాట పుష్పలత నోటిదాకా వచ్చింది. ఆ పెట్టె మీద ఆమెకు అంత నమ్మకం. కాని ఎదురుగా ఉన్న మనిషి ఆ ఒక్క మాట కోసం ఎండలో పడి వచ్చాడు. ఊరికే అనేయడానికి మనసు రాలేదు.

"శుక్రవారం లోపల చూసి చెప్తా కాకా" అంది.

ఆ పెట్టెలోని కెర్నల్ రాసింది పుష్పలతే. కెర్నల్ అంటే పెట్టెకు పెద్దమనిషి. ఏ ప్రోగ్రాం నడవాలన్నా దాన్ని ముక్కలుగా లోపలికి తెచ్చి, మెమరీలో ఏ ముక్కను ఎక్కడ దింపాలో, ఏ ముక్క మీద రాయొచ్చో, ఏది చదవడానికే పనికొస్తుందో నిర్ణయించేది అదే. ప్రతి ముక్కా తనకు ఎక్కడ, ఎంత జాగ కావాలో కాగితం పట్టుకుని వచ్చినట్టు వస్తుంది. పుష్పలత ఆ కాగితాన్ని ఎప్పుడూ నమ్మలేదు. అడిగిన జాగ పక్క ప్రోగ్రాం మీదికి జరుగుతోందా? కెర్నల్ కూర్చున్న చోటికే ఎసరు పెడుతోందా? మొదలుకు పొడవు కలిపితే లెక్క హద్దు దాటి మళ్ళీ సున్నా దగ్గరికి తిరిగొస్తోందా? ఫైల్లో లేనిది ఉందని చెబుతోందా? ఇన్నీ అడిగాకే లోపలికి రానిచ్చేది. ఉదయ్‌కిరణ్ ఆమెను అనుమానాలక్క అని ఏడిపిస్తాడు. ఆమెకది బిరుదులాగే ఉండేది.

మర్నాడు, మంగళవారమంతా, ఆ అనుమానాలనే మళ్ళీ పరీక్షకు పెట్టారు. ఉదయ్‌కిరణ్ దొంగ ప్రోగ్రాంలు తయారుచేశాడు. హద్దు దాటేది ఒకటి, కెర్నల్ మీదే పడేది ఒకటి, పొడవు అబద్ధం చెప్పేది ఒకటి. కెర్నల్ అన్నింటినీ గుమ్మంలోనే ఆపేసింది. ప్రతిసారీ బోర్డు ఆర్పి, మళ్ళీ వేసి, కొత్తగా మొదలుపెట్టారు. నడుమ రెండుసార్లు కరెంటు పోయి కూలర్ ఆగింది. గదిలో సోల్డరింగ్ వాసన, చెమట వాసన కలిసి తల తిరిగింది. ఏడో నంబర్‌లో రెండు మాత్రం రాలేదు.

"కదాచిత్ కాకానే తప్పు చూసిండేమో అక్కా" అన్నాడు ఉదయ్‌కిరణ్, డబ్బాలో మిగిలిన పోహా వేలితో ఊడ్చుకుంటూ. చంద్రపూర్‌లోనే పుట్టి మరాఠీ బళ్ళో చదివినవాడు. అలసిపోతే వాడి తెలుగులోకి మరాఠీ దానంతటదే వస్తుంది. "పాయింట్ రెండును రెండనుకున్నడు. చుక్క కనపడలే. గంతే."

 అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో పుష్పలతకు తెలుస్తూనే ఉంది. అందుకే తన మీద తనకు విసుగేసింది.

బుధవారం పొద్దున ఇంటి ముందు టెంపో ఆగి ఉంది. పక్క వాటాలో ఉండే రాజం కుటుంబం గోండ్‌పిప్రికి బదిలీ అయి వెళుతోంది. మంచాలు, బీరువా, కూలర్ ఎక్కాయి. రాజం భార్య పుష్పలత చేయి పట్టుకుని ఏడ్చి, పిల్లను ఎత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. టెంపో సందు మలుపు తిరగగానే పుష్పలత చీపురు పట్టుకుని ఆ వాటాలోకి నడిచింది. ఆఫీసుకు ఇంకా వేళ ఉంది, సాయంత్రం కొత్తవాళ్ళు దిగుతారని ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన చెప్పాడు.

"ఏంది గది?" అత్త నర్సక్క గుమ్మంలో నుంచి కేకేసింది. "మనుషులు ఇంకా తొవ్వలనే ఉన్నరు. పోయినోళ్ళ ఎనుకనే ఊడుస్తరా ఎవరన్న? చీపురు కింద వెయ్యి."

"మరి ఎవరు ఊడ్వాలె అత్తమ్మా?"

"వచ్చెటోళ్ళు ఊడ్చుకుంటరు."

"పోయెటోళ్ళే ఊడ్చి పోవాలని ఇంటాయన అంటుండు."

"ఆయన అట్లనే అంటడు. వచ్చెటోళ్ళు పోయినోళ్ళు ఊడ్చిన్రనుకుంటరు. ఆఖరికి ఎవ్వరు ఊడ్వరు. లోకమంత గిదే కథ." నర్సక్క దగ్గరికి వచ్చి తొంగిచూసింది. "పొద్దుగాల్నే ఖాళీ చేసిన్రు, మంచిగైంది. ఎండకు పిల్ల ఆగకపోతుండె."

పుష్పలత చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గోడ మీద మరాఠీ క్యాలెండర్ ఉంది. మేకుకు పిల్ల రిబ్బన్ వేలాడుతోంది. గూట్లో సగం కొబ్బరినూనె సీసా, పొయ్యి గట్టు మీద నూనె మరకలు, తలుపు చెక్క మీద పిల్ల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు. ఖాళీ చేసిన్రు అంటోంది అత్తమ్మ. తప్పేం లేదు, ఎవరైనా ఆ మాటే అంటారు. ఇల్లు ఖాళీ చేయడమంటే మనుషులు వెళ్ళిపోవడం. డబ్బా ఖాళీ చేయడమంటే లోపల ఏమీ మిగలకపోవడం. మాట ఒకటే.

రెండు నెలల కింద ఉదయ్‌కిరణ్ చెప్పిన ముక్క ఆమెకు అక్కడ, ఆ పరాయి వంటగదిలో గుర్తొచ్చింది. అక్కా, ప్రోగ్రాం పోంగనే జాగ ఖాళీ చేస్తున్న. సరే అంది తను. ఏ ఖాళీ అని అడగలేదు. లోకంలో ప్రతి ముక్కనూ అనుమానించిన మనిషి ఆ ఒక్క మాటను నమ్మేసింది.

ఆఫీసుకు చేరి సంచి కూడా దించకుండా అడిగింది. "ఉదయ్, ఖాళీ చేసిన అన్నవు గదా. ఖాళీ అంటే ఏంది?"

"ఖాళీ అంటే ఖాళీనే. ఈ జాగ ఇగ ఎవరిది కాదు, ఇంకొకరికి ఇయ్యొచ్చని గుర్తు పెడ్త."

"తుడుస్తవా?"

వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "తుడుచుడు నీ దిక్కు కాదా అక్కా? లోపలికి తెచ్చెటప్పుడు నువ్వు తుడుస్తవనుకున్న."

"నువ్వు తుడిచే పంపిస్తున్నవని నేననుకున్న."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.  ప్రోగ్రాం ముక్క ఫైల్లో ఉన్నప్పుడు చిన్నది, మెమరీలోకి వచ్చాక పెద్దది. ఫైల్లో ఉన్నంత మేరకు కెర్నల్ తెచ్చి దింపుతుంది. ఆ మిగతా జాగ, నడిచేటప్పుడు లెక్కలు రాసుకోవడానికి, శుభ్రంగా సున్నాలతో ఉండాలి. గ్యాసు అంకెల పట్టీ ఉండేది అక్కడే. పుష్పలత ఆ జాగకు హద్దులు చూసింది, హక్కులు చూసింది, తాళం వేసింది. ఊడ్వలేదు. టెస్టింగప్పుడు నడిచిన పరీక్ష ప్రోగ్రాం వెళ్ళిపోతూ వదిలేసిన అంకెలు, తర్వాత అదే చోట దిగిన, కొలతలు చూపించే తెర ప్రోగ్రాంకు తన అంకెల్లాగే కనిపించాయి.

ఇక్కడ ఎందుకు రాలేదో కూడా తెలిసింది. ఇక్కడ ప్రతిసారీ బోర్డు ఆర్పుతున్నారు. మళ్ళీ వేయగానే మొదట జరిగే మెమరీ పరీక్ష అంతా తుడిచేస్తోంది. గనిలో కూడా మొన్నటిదాకా పరీక్షయ్యాక పెట్టె ఆర్పి వేసేవారు. ఇక ఆ అవసరం లేదు, మా పెట్టె ఎన్నాళ్ళయినా ఆగకుండా నడుస్తుందని ఈ నెలలోనే గొప్పగా చెప్పి వచ్చారు అనంతరావుగారు.

పరీక్ష ప్రోగ్రాం నడిపి, ఏడో చోట రెండు పెట్టి, దాన్ని తీసేసి, ఆర్పకుండా తెర ప్రోగ్రాం తెచ్చారు. ఏడో నంబర్‌లో రెండు వెలిగింది. లోపలి నుంచి నిజమైన కొలత వచ్చేదాకా, అర నిమిషం పాటు అలాగే ఉంది. కొత్తగా వచ్చిన కొలతనే రికార్డు రాసుకుంటుంది కాబట్టి దాంట్లో ఈ రెండు జాడ కూడా లేదు.

పుష్పలతకు ముందు ఊపిరి ఆడినట్టయింది. వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఆ ముసలాయన అద్దాలు కొనుక్కున్నాడు.

అనంతరావు అంతా విన్నాడు. ఆయనకు కోపం అంత సులువుగా రాదు. కోపం వచ్చేలోపు పని గుర్తొస్తుంది.

"సరిచేసి కొత్త చిప్పులు తయారుచెయ్యి. శుక్రవారం మనమే తీసుకుపోదాం. మెరుగుపరిచిన ప్రోగ్రాం అని పెట్టేసి వద్దాం."

"మరి సమ్మన్న సంగతి సార్?"

"వార్నింగే గదమ్మా. కొలువు పోదు, జీతం పోదు. మన తప్పని చెప్పినమనుకో, ఇంకో గనికి పెట్టెలు ఇచ్చే మాట ఆడనే ఆగుతది. మన జాగల రేపు బయటి కంపెనోడు కూసుంటడు. మనమంతా ఏడికి పోదాం?" ఆయన గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. పుష్పలతకు ఎదురు చెప్పడం కష్టమైంది అందుకే. సోల్డరింగ్ చేసే ఇద్దరూ తల ఎత్తకుండా వింటున్నారని కూడా ఆమెకు తెలుసు.

గురువారం సరిచేశారు. పోయేటప్పుడు ఉదయ్‌కిరణ్ ఊడుస్తాడు, వచ్చేటప్పుడు పుష్పలత మళ్ళీ ఊడుస్తుంది. రెండుసార్లయినా ఫరవాలేదు. ప్రోగ్రాంలు మార్చి చూశారు. తెర మీద అన్ని నంబర్లలో 0.0 వరసగా వెలిగింది.

"ఝాలా!" అన్నాడు ఉదయ్‌కిరణ్. "అయిపోయింది అక్కా. ఛాయ్ తాగుదాం పా."

పుష్పలత లేవలేదు. ఆ సున్నాలను చూస్తూ కూర్చుంది. మనసులోనే తెర ముందు తన బదులు సమ్మన్నను కూర్చోబెట్టుకుంది. లోపల ఏడో చోట నిజంగానే రెండు ఉందనుకుంది.

"ఉదయ్, ఇది ఏం చెప్తుంది?"

"గ్యాస్ లేదని."

"మనకు తెలుసా లేదని?"

వాడు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.

"మనకు ఏం తెల్వదు. కొలత ఇంకా రాలే. మొన్నటి అబద్ధం మనుషులను పైకి తెచ్చింది. ఈ అబద్ధం వాళ్ళను కిందనే ఉంచుతది. అప్పుడు విచారణ కూడ ఉండదు. అడిగెటోళ్ళు ఉండరు."

అన్నాక ఆమెకే భయమేసింది. ఊడ్చిన జాగ వేరు, కొలిచిన సున్నా వేరు. ఊడ్వడం కెర్నల్ పని, దాన్ని అలాగే ఉంచారు. తెర ప్రోగ్రాం మాత్రం ఆ సున్నాను కొలతనుకోకూడదు. లోపలి నుంచి మొదటి కొలత వచ్చేదాకా అంకె ఉండాల్సిన చోట గీతలే వచ్చేలా మార్చేసరికి పొద్దుగూకింది. చిప్పులను అట్టపెట్టెలో సర్దాకే పుష్పలతకు ఆకలి గుర్తొచ్చింది. 

గని ఆఫీసు బల్లార్‌పూర్ రోడ్డు నుంచి లోపలికి ఉంది. శుక్రవారం వాళ్ళు వెళ్ళేసరికి సమ్మన్న బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పుష్పలతను చూసి లేచాడు, ఏమీ అడగలేదు. పక్కనే అనంతరావు ఉండేసరికి ఆమె కళ్ళు దించుకుంది. అదే జవాబనుకున్నాడు కాబోలు, తలూపి మళ్ళీ కూర్చున్నాడు.

లోపల విచారణ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. ఆయన ముందు ఫైళ్ళ గుట్ట ఉంది, అందులో ఇదొకటి. చిప్పుల సంగతి విని అనంతరావుకు కుర్చీ చూపించాడు. సమ్మన్నను పిలిచి, కాగితం ముందుకు తోసి, హిందీలో చెప్పాడు. వయసైంది, చూపు తగ్గింది, పొరబడ్డావు, తప్పు చూశానని సంతకం చెయ్యి, ఇంటికి వెళ్ళు.

సమ్మన్న అద్దాలు సర్దుకున్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెన్ను తీసుకుని సంతకం చోటు కోసం వేలితో వెతుకుతున్నాడు. వేలు ఒక వరస మీద ఆగి, కాదనుకుని, కిందికి జరిగింది.

"ఆయన సరిగ్గనే చూసిండు" అంది పుష్పలత.

తెలుగులో అనేసింది. ఆఫీసరుకు అర్థం కాలేదు. సమ్మన్నకు అయింది. వేలు కాగితం మీద ఆగిపోయింది. పుష్పలత మళ్ళీ హిందీలో చెప్పింది. ఆయన చూసిన అంకె తెర మీద ఉంది, ఆ అంకే తప్పు, ఆ తప్పు మాది. పెట్టెలో ఇంకా పాత చిప్పులే ఉన్నాయి, ఇప్పుడే చూపిస్తాను.

అనంతరావు ఆమె వైపు చూడలేదు. జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

అందరూ కంట్రోల్ రూముకు నడిచారు. పరీక్ష ప్రోగ్రాం, ఏడో చోట రెండు, తీసేయడం, ఆర్పకుండా మళ్ళీ తెర ప్రోగ్రాం. రెండు వెలిగింది.  అర నిమిషానికి పాయింట్ రెండు వచ్చింది. ఆఫీసరు మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ వచ్చింది.

"అయితే ఇప్పుడు తెలిసింది కదా" అన్నాడు ఆఫీసరు సమ్మన్నతో. "ఈసారి ఇలా వస్తే అర నిమిషం ఆగి చూస్తావు. అవునా?"

అవునంటే చాలు, అక్కడితో అయిపోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. సమ్మన్న తెర మీది ఏడో నంబరును వేలితో చూపించాడు.

"లేదు సార్" అన్నాడు తన హిందీలో. "రెండంటే రెండే. పైకి తీపిస్తా. లోపల ఉన్నది మనుషులు."

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూసి వెనుదిరిగాడు. ఆఫీసు గదికి తిరిగి వచ్చాక కాగితాన్ని తిరగేసి, ఫైలు మూయాలంటే ఎవరో ఒకరు ఏదో ఒక తప్పు జరిగిందని రాయక తప్పదన్నాడు. పెన్ను బల్ల మీదే ఉంది. పుష్పలత చేయి చాపింది. అనంతరావు ముందుగా అందుకున్నాడు.

"నువ్వు రాస్తే పుస్తకమైతది" అన్నాడు తెలుగులో, గొణుగుతున్నట్టు. "కంపెనీ నాది. జరుగు."

కాగితం వెనక వైపు నాలుగు వరసలు రాశాడు. రాస్తున్నంత సేపూ మొహం ముడుచుకునే ఉంది. ఇంకో గని పెట్టెల మాట ఆఫీసరు ఎత్తలేదు, ఈయన అడగలేదు. సంతకం చేసి పెన్ను మూత పెట్టి, "చిప్పులు మార్చి రాపో. నేను జీపుల ఉంట" అని బయటికి వెళ్ళిపోయాడు. కోప్పడినా బాగుండేదనిపించింది పుష్పలతకు.

కంట్రోల్ రూంలో ఉదయ్‌కిరణ్ పాత చిప్పులు పీకి కొత్తవి నొక్కాడు. సమ్మన్న తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ అద్దాలను ఏం జెయ్యాలె బిడ్డా ఇగ?" అన్నాడు. మేడం ఎప్పుడు బిడ్డ అయిందో ఆమె గమనించలేదు.

"పేపర్ చదువుకోను పనికొస్తయి కాకా."

"నాకు చదువొస్తె గద." నవ్వి, వాటిని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తెర వెలిగింది. అన్ని నంబర్ల దగ్గరా గీతలు. ఒక్క అంకె లేదు.

"ఇదేంది?"

"ఇంకా తెల్వదని, కాకా."

సమ్మన్న చేయి వెంటనే ఫోన్ మీదికి పోయింది. రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుని, కళ్ళు తెర మీదే నిలిపాడు.

"అర నిమిషమే కాకా. ఏం కాదు" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఏం కాదని నీకెట్ల తెల్సు?"

వాడు కూడా తెర వైపు తిరిగాడు. ముగ్గురూ గీతలనే చూస్తున్నారు. ఒక్కో గీతా చెరిగి ఒక్కో అంకె వచ్చింది. ఆరో నంబర్‌ది వచ్చింది, ఎనిమిదో నంబర్‌ది వచ్చింది. ఏడోది ఆలస్యం చేసింది.  ఆ కెర్నల్ రాసిన ఇన్ని నెలల్లో ఒక్క అంకె కోసం ఇలా భయపడి ఎదురుచూడటం పుష్పలతకు ఇదే మొదలు.

ఏడో చోట 0.2 వచ్చింది. సమ్మన్న రిసీవర్ పెట్టేసి, అరచేతి చెమట ప్యాంటుకు తుడుచుకున్నాడు.